బెంజి కారులో లారీ ఆయిల్

"ఏం గాదన్నా, మన ఎండలకు చిక్కటి ఆయిలే మంచిగుంటది. పల్చటిది పోస్తే ఇంజిన్ సీజ్ అయితది."

నిజామాబాద్‌లో ఏ గ్యారేజీ ముందు నిలబడ్డా వినిపించే మాట ఇది. దాని ఖరీదెంతో ఈ వారం కళ్లారా చూశాను. దుబాయ్‌లో ఏళ్ల తరబడి చెమటోడ్చి వచ్చిన మా బావ ఒకాయన హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ బెంజి కొన్నాడు. డీజిల్ బండి. కంపెనీ సర్వీసు కావాలంటే హైదరాబాద్ దాకా పోవాలి. ఆయిల్ మార్చడానికి అంత దూరం ఎందుకులే అని రెండేళ్లుగా ఇక్కడే పోయిస్తున్నాడు. పోసిందల్లా లారీలకు పోసే 15డబ్ల్యూ-40. బండి బాగానే నడిచింది. పోయిన నెల డ్యాష్‌బోర్డు మీద డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) లైటు వెలిగింది, ఇంజిన్ లాగడం మానేసింది. ఇప్పుడు ఫిల్టర్ మార్చాలంటే లక్షల్లో చెబుతున్నారు. ఆయిల్ పోసిన పిల్లవాణ్ని నేను తప్పుపట్టను, అతనికి ఎవరూ నేర్పలేదు. లక్షలు పోసి కారు కొని, దాంతోపాటు ఇచ్చిన పుస్తకం ఒక్కసారీ తెరవని మన అలవాటు మీదే నా కోపమంతా.

ముందు ఎండ సంగతి తేల్చుకుందాం. మే నెలలో మన ఊరు 45 డిగ్రీలు చూస్తుంది, నిజమే. కానీ ఇంజిన్ లోపలి వేడికి బయటి ఎండతో సంబంధం తక్కువ. థర్మోస్టాట్, రేడియేటర్ కలిసి కూలెంట్‌ను 90 డిగ్రీల దరిదాపుల్లో నిలబెడతాయి. ఆయిల్ 100 డిగ్రీల అటూ ఇటూ తిరుగుతుంటుంది. మ్యూనిక్‌లో మంచు పడుతున్నా అంతే, మన గాంధీ చౌక్‌లో రోహిణి కార్తె నిప్పులు చెరుగుతున్నా అంతే. డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటే మొదటి అంకె చల్లటి ఇంజిన్ స్టార్టయ్యే వేళకు సంబంధించింది, రెండోది 100 డిగ్రీల దగ్గర ఆయిల్ చిక్కదనం. ఆ రెండో అంకె ఎంత ఉండాలో ఇంజిన్ కట్టినవాళ్లు ముందే లెక్కవేసి మాన్యువల్‌లో రాశారు. అంతకన్నా చిక్కటిది పోస్తే ఇంజిన్‌కు మేలు జరగదు. టర్బో చక్రం నిమిషానికి లక్షన్నర చుట్లకు పైగా తిరుగుతుంది. దాని బేరింగ్‌ను కాపాడేది పల్చటి ఆయిల్ పొర ఒక్కటే. తెల్లవారి తాళం తిప్పగానే ఆ పొర అక్కడికి చేరాలి. చిక్కటి ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది, ఆ ఆలస్యంలోనే అరుగుదల.

అంత భయంగా ఉన్నవాళ్లకూ దారి ఉంది. మాన్యువల్ ఒప్పుకుంటే కారు కంపెనీ అప్రూవల్ ఉన్న 5డబ్ల్యూ-40 పోయించుకోవచ్చు. లారీ ఆయిల్ దాకా పోనక్కర్లేదు.

చిక్కదనం కన్నా పెద్ద దెబ్బ బూడిద వల్ల. డీజిల్ కారు సైలెన్సర్ దారిలో ఉండే డీపీఎఫ్ మసిని పట్టి ఉంచుతుంది. బండి కాసేపు హైవే మీద పరుగెత్తితే ఆ వేడికి మసి కాలిపోతుంది. ఆయిల్‌లో కలిపే కాల్షియం లాంటి లోహాల మందుల నుంచి వచ్చే బూడిద మాత్రం కాలదు. చుక్క చుక్కగా కాలిన ఆయిల్ బూడిదంతా ఆ ఫిల్టర్‌లోనే పేరుకుంటుంది. అందుకే యూరప్ వాళ్ల ఏసీఈఏ సీ3 తరగతి ఆయిళ్లలో సల్ఫేటెడ్ యాష్ 0.8 శాతం దాటకూడదని నియమం. మన లారీలకు పోసే సీఐ-4 రకం ఆయిళ్లలో అది ఒక శాతం దాటే ఉంటుంది. లారీ ఆయిల్ చెడ్డదని నేననను. డీజిల్‌లో గంధకం ఎక్కువగా ఉన్న రోజుల్లో, అది కాలితే పుట్టే ఆమ్లాన్ని విరిచేందుకు ఆ ఆయిల్ను అలా తయారు చేశారు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 కాలుష్య ప్రమాణం. డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లలో 10 పాళ్లకు దిగిపోయింది. ఇంధనం మారింది, ఇంజిన్ మారింది, మన గ్యారేజీల్లో డ్రమ్ము మాత్రం మారలేదు.

క్యాస్ట్రాలా, మొబిలా, షెల్లా, సర్వోనా అని టీ కొట్టు దగ్గర వాదించుకోవడం కూడా నాకు విసుగు. ఒకే కంపెనీ లారీకీ అమ్ముతుంది, బైకుకీ అమ్ముతుంది, బెంజికీ అమ్ముతుంది. చూడాల్సింది ముందువైపు పేరు కాదు, వెనకవైపు సన్నటి అక్షరాలు. డీపీఎఫ్ ఉన్న బెంజి డీజిల్‌కు ఎంబీ 229.51 లేదా 229.52. బీఎండబ్ల్యూ డీజిల్‌కు లాంగ్‌లైఫ్-04. ఆడి, ఫోక్స్‌వ్యాగన్, స్కోడా బండ్లలో చాలావాటికి 504 00, 507 00. కొత్త ఇంజిన్లలో కొన్నింటికి ఇంకా పల్చటి రకాలు, వేరే నంబర్లు వచ్చాయి కాబట్టి మాన్యువల్ మాటే చివరి మాట. ఆ నంబరు పక్కన 'అప్రూవల్' అని ఉందా, 'ఈ ప్రమాణానికి తగినది' అని మాత్రమే ఉందా అన్నది కూడా చూడండి. మొదటిది కారు కంపెనీ పరీక్ష పెట్టి ఇచ్చిన అనుమతి, రెండోది ఆయిల్ కంపెనీ తన మాటగా చెప్పుకున్నది. తాను ఆమోదించిన ఆయిళ్ల జాబితాను మెర్సిడెస్ అందరికీ కనబడేలా పెట్టింది. ఫోన్‌లో రెండు నిమిషాల పని.

ఆయిల్ సరైనదే అయినా మార్చే చెయ్యి సరిగా లేకపోతే దండగ. చాలా జర్మన్ ఇంజిన్లలో ఆయిల్ ఫిల్టర్ నల్లటి ప్లాస్టిక్ మూత కింద నిలువుగా ఉంటుంది. ఎంత బిగించాలో ఆ మూత మీదే అచ్చు వేసి ఉంటుంది, సాధారణంగా 25 న్యూటన్ మీటర్లు. మన దగ్గర పొడుగు రాడ్డు పెట్టి ఒంటి బలంతో బిగిస్తారు, మూత చిట్లుతుంది. ఫిల్టర్ డబ్బాలో కొత్త రబ్బరు రింగు ఇచ్చినా పాతదే తుడిచి మళ్లీ ఎక్కిస్తారు. డ్రెయిన్ బోల్టుకు వేసే రాగి వాషర్‌దీ అదే గతి. ఒకసారి నలిగిన వాషర్ మళ్లీ సరిగా కూర్చోదు. రెండు వారాలకు ఇంటి ముందు నేల మీద నల్లటి మరక కనబడుతుంది. ఇవన్నీ కలిపి కొన్ని వందల రూపాయల సరుకు.

ఇక ఆయిల్ ఎప్పుడు మార్చాలన్నది. నన్ను మాట్లాడనిస్తే దీని మీద రోజంతా మాట్లాడతాను.

మన దగ్గర చాలా జర్మన్ కార్లకు 15 వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది అంటారు. యూరప్‌లో ఫోక్స్‌వ్యాగన్ లాంగ్‌లైఫ్ పద్ధతి కింద 30 వేలు, రెండేళ్ల దాకా కూడా పోతారు. ఈ అంకెలు చూసి మనవాళ్లు మురిసిపోతారు. నా అభ్యంతరం కిలోమీటరు అనే కొలత మీదే. బోధన్ వైపు ఏ ఎడపల్లి రైతునైనా అడగండి, ట్రాక్టర్‌కు ఆయిల్ ఎప్పుడు మారుస్తావని. కిలోమీటర్లు చెప్పడు, గంటలు చెబుతాడు. మీటరులో గంటలే ఉంటాయి. చాలా ట్రాక్టర్లకు 250 గంటలు, కొత్త మోడళ్లలో కొన్నింటికి ఇంకా ఎక్కువ. ఇంజిన్ ఎంతసేపు తిరిగిందన్నదే ఆయిల్‌కు లెక్క అని ఆ రైతుకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

అదే లెక్క కారుకు వేద్దాం. వినాయక్ నగర్ నుంచి గంజ్‌కు, గంజ్ నుంచి ఖలీల్‌వాడిలో డాక్టర్ దగ్గరికి, అక్కణ్నుంచి ఫంక్షన్ హాలుకు, ఆ హాలు ముందు ఏసీ వేసుకుని డ్రైవర్ నిరీక్షణ. ఊళ్లో సగటు వేగం గంటకు 20 కిలోమీటర్లు అనుకుంటే 15 వేల కిలోమీటర్లకు 750 గంటలు. ట్రాక్టర్‌కు మూడుసార్లు ఆయిల్ మార్చేంత కాలం. అదే కారు 44వ నంబరు జాతీయ రహదారి మీద 75 వేగంతో పోతే 200 గంటలే. ఒకే కిలోమీటర్లు, ఆయిల్ పడిన పాటు మాత్రం మూడింతలకు పైగా తేడా. పైగా ఊళ్లో తిరిగే డీజిల్ కారుకు డీపీఎఫ్‌లో మసి కాల్చుకునే వ్యవధి దొరకదు. మసి కాల్చే పని మధ్యలో ఆగిపోయిన ప్రతిసారీ కాలని డీజిల్ సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ మట్టం తగ్గకపోగా పెరిగితే అది శుభం అనుకునేవాళ్లున్నారు. అందులో డీజిల్ కలిసిందని దాని అర్థం. మా బావ కారు పాడవడానికి లారీ ఆయిల్ ఒక్కటే కారణమని నేననుకోను. ఆయన ఊరు దాటింది తక్కువ.

కాబట్టి నా మాట ఇది. ఊళ్లో తిరిగే జర్మన్ కారుకు ఏడెనిమిది వేల కిలోమీటర్లకు ఆయిల్ మార్చండి. కోతల కాలంలో వర్ని, కోటగిరి రోడ్ల దుమ్ములో తిరిగేవాళ్లు ఎయిర్ ఫిల్టర్ కూడా విప్పి చూడండి. వారానికి రెండుసార్లు హైదరాబాద్ పోయి వచ్చేవాళ్లు నిశ్చింతగా 15 వేలు నడుపుకోవచ్చు. ఆర్మూర్, బాల్కొండ వైపు గల్ఫ్ ఇళ్లలో కవరు కప్పి పెట్టిన కార్లు దసరాకు, పెళ్లిళ్లకు మాత్రమే బయటికి వస్తాయి. ఏడాదికి రెండు వేలు తిరగకపోయినా వాటికి ఏడాదికోసారి ఆయిల్ మార్చాల్సిందే. నిలవున్న ఆయిల్‌లో తేమ, ఆమ్లం ఊరికే ఉండవు.

పెట్రోలు కార్లవాళ్లకు ఇంకో చిక్కు. 2025 నాటికి బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. వద్దని అడిగినా మామూలు బంకులో వేరేది దొరకదు. పాత కార్లకు మైలేజీ 6, 7 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే ఒప్పుకుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేసే పొట్టి ప్రయాణాల్లో ఇథనాల్, నీటి ఆవిరి ఆయిల్‌లో చేరతాయి. వేడెక్కేదాకా నడిపితే ఎగిరిపోతాయి, లేకపోతే అక్కడే ఉండి ఆయిల్‌ను చెడగొడతాయి. ఊళ్లో తిరిగే పెట్రోలు కారుకు ఆయిల్ తొందరగా మార్చమనడానికి ఇది ఇంకో కారణం.

ఇథనాల్ మాట వచ్చింది కనుక బోధన్ శక్కర్‌నగర్‌లోని చక్కెర ఫ్యాక్టరీ గురించి రాయకుండా ఉండలేను. చెరుకు మొలాసిస్ నుంచి తీసిన ఆల్కహాల్‌ను పెట్రోల్లో కలపడం కొత్త ఆలోచన కాదు. దానికోసం ఈ దేశం 1948లోనే పవర్ ఆల్కహాల్ చట్టం చేసింది. మన దగ్గర నిజాంసాగర్ నీళ్లు 1931లో వచ్చాయి. ఆ నీళ్ల మీద చెరుకు వచ్చింది, ఆ చెరుకు మీద 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసింది. ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకుంది. సొంత పొలాలు, సొంత కాలనీ, సొంత డిస్టిలరీ. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లు మూడింటికీ లేఆఫ్ ప్రకటించారు.

ఇప్పుడు ఆ తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి. 2013-14లో దేశంలో పెట్రోల్లో కలిసిన ఇథనాల్ ఒకటిన్నర శాతం. 2018లో కేంద్రం జీవ ఇంధన విధానం తెచ్చి చెరుకు రసం నుంచి కూడా ఇథనాల్ తీయనిచ్చింది. 2025కల్లా 20 శాతం. ఇథనాల్‌కు గిరాకీ పదింతలు పైబడి పెరిగిన ఆ పదేళ్లూ మన ఫ్యాక్టరీ గేటుకు తాళం. పక్క రాష్ట్రం మహారాష్ట్రలో చక్కెర మిల్లులు ఇథనాల్‌తో నిలదొక్కుకుంటుంటే, మంజీర ఇవతలి ఒడ్డున మన రైతు చెరుకు పీకి వరి వేశాడు. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో తమకొద్దన్న ఇథనాల్ ఫ్యాక్టరీని ఆపమని జనం రోడ్డెక్కారు. ఇక్కడ బోధన్‌లో ఉన్న ఫ్యాక్టరీని తెరవమని కార్మికులు ఏళ్లుగా రోడ్డెక్కుతున్నారు. వద్దన్నచోట కట్టబోయారు, కావాలన్నచోట తుప్పు పట్టనిచ్చారు. ఇలాంటి నిర్ణయాలు ఏ లెక్క చూసి తీసుకుంటారో చెప్పేవాళ్లు కావాలి నాకు.

ఫ్యాక్టరీ పునరుద్ధరణకు 2024 జనవరిలో మంత్రి శ్రీధర్ బాబు అధ్యక్షతన కమిటీ వేశారు. కమిటీలు చాలా చూసిన రైతు దాన్ని చూసి మొక్క నాటడు. చెరుకు నాటిన తర్వాత గానుగకు రావడానికి పది, పన్నెండు నెలలు పడుతుంది. అంతకుముందు ఏడాది విత్తనపు చెరుకు పెంచాలి, ఎందుకంటే ఈ చుట్టుపక్కల ఇప్పుడు ఆ తోటలు పెద్దగా లేవు. రుద్రూర్‌లో చెరుకు పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ విత్తనం పెంచడానికి ఎన్ని ఎకరాలు కేటాయిస్తారో, ఏ సంవత్సరం ఏ నెలలో క్రషింగ్ మొదలుపెడతారో, టన్నుకు ఎంత ఇస్తారో, రైతుకు డబ్బు ఎన్ని రోజుల్లో అందుతుందో ప్రభుత్వం కాగితం మీద రాసి బోధన్‌లో గోడకు అంటించాలి.