ఎగువన వాన, సూరత్‌లో వరద

గుజరాత్‌లోని ప్రముఖ వస్త్ర పరిశ్రమ కేంద్రమైన సూరత్‌ను 2006 ఆగస్టులో ముంచెత్తిన వరద ఆ నగరంలో కురిసిన వాన వల్ల వచ్చినది కాదు. దాదాపు 100 కిలోమీటర్ల ఎగువన తపతి నదిపై గల ఉకాయ్ జలాశయం నుంచి ఒక దశలో సుమారు 9 లక్షల క్యూసెక్కుల నీటిని వదలవలసి రావడంతో నగరంలో అధిక భాగం నీట మునిగింది. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలెన్నో అక్కడి మరమగ్గాలపై ఆధారపడి ఉన్నందున తపతి ఉధృతి తెలుగువారికీ సంబంధించినదే.

ఆ నెల మొదట్లో ఒడిశా తీరం దాటిన తీవ్ర వాయుగుండం భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టాన్ని 66 అడుగులు దాటించింది. దాని ప్రభావంతోనే మహారాష్ట్ర, మధ్యప్రదేశ్‌లలోని తపతి పరివాహక ప్రాంతంలోనూ కుండపోతగా వర్షాలు కురిశాయి. వాయుగుండం ఏ దిశలో పయనిస్తుందో వాతావరణ శాఖ చాలావరకు ముందే చెప్పగలదు. ఏ ఉపనది మీద ఎంత కురుస్తుందో చెప్పడమే కష్టం.

పశ్చిమ భారతంలో ఈ కష్టం మరీ ఎక్కువ. ఒక్క గుజరాత్‌లోనే డాంగ్స్ జిల్లాలో ఏటా 2,000 మి.మీ.కు పైగా వాన పడుతుండగా కచ్‌లో సగటు వర్షపాతం 500 మి.మీ. కూడా లేదు. ఉకాయ్‌కు నీరందించే ఖాందేశ్ కనుమల చాటున ఉన్న ప్రాంతం. అక్కడ వారాల తరబడి చినుకు రాలకపోవచ్చు, రెండు రోజులలోనే వాగులన్నీ పొంగనూవచ్చు. సగటు లెక్కలు జలాశయ నిర్వాహకులకు అక్కరకు రావు.

నదీ పరివాహక ప్రాంతాల వర్షపాతాన్ని వాతావరణ శాఖ 26-50, 51-100 మి.మీ. వంటి శ్రేణులలో సూచిస్తుంది. ఉకాయ్ ఎగువ పరివాహక ప్రాంతం విస్తీర్ణం సుమారు 62 వేల చదరపు కిలోమీటర్లు. అంత మేర 51 మి.మీ. కురవడానికీ, 100 మి.మీ. కురవడానికీ తేడా 100 టీఎంసీలకు పైమాటే! అందులో సగం నేలలో ఇంకినా మిగిలేది చిన్న మొత్తం కాదు. అయినా రెండు సందర్భాలలోనూ అంచనా ఒప్పయినట్లే లెక్క.

వర్షాకాలంలో జలాశయాన్ని కొంత ఖాళీగా ఉంచడం సూరత్‌కు క్షేమం. అయితే కాలువల కింది సేద్యానికీ, విద్యుదుత్పత్తికీ జలాశయం నిండి ఉండాలి. ఆగస్టులో అంచనాను నమ్మి నీరు వదిలిన తరువాత వాన ముఖం చాటేస్తే యాసంగి రైతుకు సమాధానం చెప్పవలసి వస్తుంది. వదలకుండా వేచి చూస్తే ఏమవుతుందో 2006లో తేలింది. ఆ తరువాత ఉకాయ్ అధికారులకూ, నగరపాలక సంస్థకూ మధ్య ముందస్తు హెచ్చరికల ఏర్పాటు జరిగింది. గేట్లు ఎత్తిన వార్త ఇప్పుడు నగరానికి వెంటనే అందుతుంది. ఎప్పుడు, ఎంత ఎత్తాలన్నది మాత్రం నేటికీ ఆ శ్రేణులను చూసి నిర్ణయించవలసినదే.