పాలు పడనివారు వంక పెడుతున్నారా?

మైపాడు వైపు నుండి ఒక సహోదరి మాకు ఉత్తరము వ్రాశారు. బాలింతగా ఉన్న కోడలు పాలు త్రాగమంటే కడుపు ఉబ్బరం, విరేచనాలు అంటుందట. మజ్జిగ మాత్రం చెంబుడు త్రాగుతుందట. ఇది వంకా, జబ్బా అని వారి ప్రశ్న. ఇంట్లో ఇందుమీద మాటలు కూడా పెరిగినట్లున్నవి.

అమ్మా, ఇది వంక కాదు. జబ్బు అనడానికీ వీలులేదు. లోకంలోని పెద్దవారిలో సుమారు మూడింట రెండువంతుల మంది పాలను పూర్తిగా అరిగించుకోలేరు.

పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉన్నది. చిన్నపేగులో తయారయ్యే లాక్టేజ్ అనే ఎంజైము దానిని విడగొడుతుంది. అది చాలకపోతే చక్కెర అరగక పెద్దపేగుకు చేరుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దానిని పులియబెట్టగా గ్యాసు పుడుతుంది, నీరు చేరి విరేచనమవుతుంది. పెరుగులోనైతే తోడు సూక్ష్మజీవులే కొంత చక్కెరను ముందుగా తినివేస్తాయి. మజ్జిగ పడటానికి కారణం అదే.

చంటిబిడ్డలందరిలో లాక్టేజ్ పుష్కలంగా ఉంటుంది. పాలు మరచిన తరువాత చాలామందిలో తగ్గిపోతుంది. అయితే దానిని తయారుచేసే జన్యువు చెడిపోలేదు, చెక్కుచెదరకుండా అక్కడే ఉన్నది! తేడా దానిని నడిపే ఎన్‌హాన్సరులో ఉన్నది. పొలంలో బోరు మోటారు ఒకచోట, స్టార్టరు దూరాన షెడ్డులో ఉన్నట్లే, డి.ఎన్.ఎ. దారంలో జన్యువు ఒకచోట, దాని ఎన్‌హాన్సరు మరొకచోట ఉండవచ్చు. కొన్ని ప్రోటీనులు ఎన్‌హాన్సరుకు అంటుకొంటాయి, దారం వంగి జన్యువు దగ్గరకు వస్తుంది, అప్పుడు జన్యువు పని జోరందుకొంటుంది. కంటిలోనూ పేగులోనూ ఉన్నది ఒకే డి.ఎన్.ఎ. అయినా లాక్టేజ్ పేగులోనే తయారవటం ఇటువంటి ఏర్పాటువల్లనే.

లాక్టేజ్ జన్యువుకు 13,910 అక్షరాల దూరంలో, పొరుగు జన్యువు లోపల, ‘సి’ అనే అక్షరం ‘టి’గా మారినవారికి పెద్దయినా పాలు అరుగుతాయని 2002లో ఫిన్లాండు శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. వారిలో ఎన్‌హాన్సరు ఆగిపోదు. తల్లి నుండి గాని తండ్రి నుండి గాని ఒక్క ‘టి’ వస్తే చాలు. ఒకే తల్లి బిడ్డలలో ఒకరికి పాలు పడి మరొకరికి పడకపోవటం అందుకే.

అబ్రాహాము అతిథులకు వెన్నను, పాలను పెట్టిన సంగతి ఆదికాండము 18వ అధ్యాయములో ఉన్నది. మందలు మేపినవారి ఆహారమది. అరేబియాలోను, తూర్పు ఆఫ్రికాలోను అదే ఎన్‌హాన్సరులో వేరే అక్షరాలు మారినట్లు 2007, 2008లలో తెలిసింది. మన దేశంలో 2,000 మందికి పైగా పరీక్షించి, హైదరాబాదు సి.సి.ఎం.బి. వారు కూడా పాల్గొన్న పరిశోధన 2012లో వెలువడింది. మనవారిలో ఉన్నది ఐరోపావారి ‘టి’యే. అది వాయవ్యాన ఎక్కువ, దక్షిణానికి తూర్పుకు వచ్చేకొద్దీ తక్కువ. మన ఒంగోలు జాతి పశువులను బ్రెజిల్ వారు నెల్లూరు పేరుతో ‘నెలోరె’ అని పిలుస్తారు. పశువులకు మన ఊరి పేరు వెళ్ళింది గాని, పాలు అరిగే అక్షరం మాత్రం మనవైపు అందరికీ రాలేదు!

ఇక కోడలి సంగతి. తాను గేదెపాలు త్రాగనంత మాత్రాన బిడ్డకు చనుబాలు తగ్గవు. ఆమెను బలవంతపెట్టవద్దు. పెరుగు, మజ్జిగ, రాగిసంగటి, ముల్లుతో సహా తినే నెత్తళ్ళు పెట్టండి, సున్నపు ధాతువు అందుతుంది. ఇష్టమైతే అన్నంతోపాటు అరగ్లాసు పాలు ప్రయత్నించవచ్చు. చాలామందికి ఆ మాత్రం పడుతుంది.

ఇది చదివి చంటిబిడ్డకు తల్లిపాలు మాన్పించవద్దు. పుట్టుకతోనే లాక్టేజ్ లేని బిడ్డలు బహు అరుదు. పెద్దవారికైనా విరేచనంలో రక్తం, జ్వరం, బరువు తగ్గటం కనిపిస్తే పాల మీద నెట్టక వెంటనే డాక్టరుకు చూపించండి.