చలిసీమలో గులాబి: ఒక వాదం

"గులాబి అంటే హైబ్రిడ్ టీయే, తక్కినవన్నీ కంచెమొక్కలు" అని ఈ ఎడ్మంటన్ నగరంలో మన తెలుగువారు అనగా విని విని, ఇక ఊరకుండలేక ఈ టపా వ్రాస్తున్నాను. ఆ మాట తప్పు. ఏటా ఒక మొక్క ప్రాణం తీస్తున్న తప్పు.

మా అబ్బాయి తన పెరటిలో మూడు హైబ్రిడ్ టీలు నాటాడు. చలికి తట్టుకుంటాయని చెప్పి అమ్మినవే అవి. శీతకాలం రాకముందే మొదళ్ళకు మట్టి ఎగదోసి, ఎండుటాకులు కప్పి, గోనెపట్టాలు చుట్టాము. వసంతానికి రెండు నల్లబడి పుల్లలైనాయి. మూడవది చిగిర్చిందని మా కోడలు మురిసిపోయింది. తీరా చూస్తే ఆ చిగురు అంటుకు క్రిందనున్న మూలపు మొక్కది! ఆకు వేరు, తీరు వేరు, పువ్వు లేనేలేదు. మనం డబ్బిచ్చి కొన్న గులాబి మంచులోనే గతించింది.

ఇందులో మొక్క దోషం లేదు. 1867లో ఫ్రాన్సులో గియ్యో వెలువరించిన 'లా ఫ్రాన్స్'ను తొలి హైబ్రిడ్ టీగా చెబుతారు. మళ్ళీ మళ్ళీ పూచే గుణం ఆ వంశానికి చైనా గులాబీల నుండి వచ్చింది. చలికి ఓర్వలేనితనమూ ఆ పుట్టింటి సొత్తే. మన కడియం తోటలలో గులాబికి శీతకాలం పండుగ. ఇక్కడి శీతకాలంలో మైనస్ 30 డిగ్రీలు వింత కాదు.

మరి ఏది నాటాలి? 'తెరేజ్ బ్యూన్యే' నాటండి అంటాను. దాని సృష్టికర్త జార్జ్ బ్యూన్యే నవలాకారుడు. 1879లో ఫ్రాన్సులో పుట్టి, 1905లో కెనడాకు వచ్చి, ఎడ్మంటన్‌కు వాయవ్యంగా అడవి కొట్టి సేద్యం చేశాడు. ఆల్బర్టా రాష్ట్రపుష్పమైన అడవిగులాబి రక్తాన్ని, ఈశాన్య ఆసియాకు చెందిన రుగోసా రక్తంతో కలిపి, ఏళ్ళ తరబడి శ్రమించి సాధించిన సంకరమిది. 1950లో లోకానికి అందింది. ఇక్కడి చలే దానికి పరీక్షాధికారి.

"పువ్వు నలిగిన కాగితంలా ఉంటుంది, పూలదుకాణపు మొగ్గ సొగసు లేదు" అంటారు. నిజమే. కాని రేకులు నిండుగా, ఊదా కలిసిన గులాబిరంగులో, సువాసనతో పూస్తుంది. ముళ్ళు తక్కువ. ఆకు రాలిన తరువాత ఎర్రని కొమ్మలు తెల్లని మంచులో కన్నులపండువు. పిలకలు వేసి ప్రక్క పాదులోకి చొరబడుతుంది; అది దాని లోపం, ఒప్పుకుంటాను. పాతకొమ్మల మీద కూడా పూస్తుంది గనుక వసంతంలో మొదలంటా నరకకండి. అంటు కట్టనిది, సొంత వేరు మీద పెరిగినది అడిగి కొనండి. పైభాగం చచ్చినా వేరునుండి ఆ గులాబే లేస్తుంది.

హైబ్రిడ్ టీ ఇక్కడ అసాధ్యమని నేననను. మిన్నెసోటాలో కొందరు ఏటా మొక్కను ఒరగదీసి, కందకంలో పూడ్చి, వసంతంలో తిరిగి నిలబెడతారు. ఆ ఓపిక ఉన్నవారికి నమస్కారం. ఓపిక లేనివారు మొక్కను హింసించి, పైగా బ్యూన్యే శ్రమను కంచెమొక్క అనడం మాత్రం అన్యాయం.

ఆక్షేపణలుంటే వ్యాఖ్యలలో వ్రాయండి. అయితే మీ గులాబి పేరుతోపాటు, అది ఇక్కడ ఎన్ని శీతకాలాలు దాటిందో కూడా వ్రాయండి.