రోడ్డు కావాలి సరే, మనం ఎక్కగలిగే రోడ్డేనా?



పోయిన నెల కెంచార్లహళ్ళిలో మన సభ్యుల మీటింగు ముగిశాక, టీ తాగుతూ ఉండగా ఒక మాట లేచింది. అటు బాగేపల్లి దాటాక కొడికొండ చెక్‌పోస్టు దగ్గర నుంచి కడప జిల్లా మీదుగా విజయవాడ వైపు ఆరు లైన్ల కొత్త రోడ్డు తలపెట్టారు. ఇటు హోస్కోట నుంచి మాలూరు, బంగారుపేట మీదుగా చెన్నైకి ఎక్స్‌ప్రెస్ రోడ్డు ఉంది. దాని కర్ణాటక భాగం 71 కిలోమీటర్లు 2024 డిసెంబరులో తెరిచారు. ఈ రెండింటి మధ్యన మన చింతామణి తాలూకా ఉంది. "మన మీదుగా ఒక పెద్ద రోడ్డు వేసి ఆ రెండింటినీ కలపమని యూనియన్ తీర్మానం చేసి పంపాలి" అని కొందరన్నారు. "ఉన్న భూమి కాస్తా పోతుంది, వద్దు" అని కొందరన్నారు. మాటా మాటా పెరిగింది. చివరికి ఒక తమ్ముడు నా వైపు తిరిగి, "ఏమన్నా, నువ్వు మాట్లాడవేంది? రోడ్డు కావాలంటావా, వద్దంటావా?" అని నిలదీశాడు.

ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. బస్సు వేళయిందని లేచి వచ్చేశాను. అది సరికాదని తర్వాత అనిపించింది. అందుకే ఈ సంచికలో నా అభిప్రాయం రాస్తున్నాను. ఇది యూనియన్ తీర్మానం కాదు. తీర్మానం చేయవలసింది జనరల్ బాడీ.

మొదట ఒక మాట. రోడ్డు వద్దని చెప్పడానికి నాకు నోరు రాదు. నేను స్కూలు చదువు ముగించి బెంగళూరులో ఒక నూలు మిల్లులో బదిలీగా చేరాను. బదిలీ అంటే ఏమిటో పాతవాళ్ళకు చెప్పనక్కరలేదు. గేటు దగ్గర నిలబడాలి. పర్మనెంటు మనిషి ఎవరైనా రాకపోతే మన పేరు పిలుస్తారు. పిలిచినప్పుడు అక్కడ లేకపోతే ఆ రోజు కూలి లేదు. సెలవుకు ఊరికి వచ్చి తిరిగి పోయేటప్పుడు బస్సు చెడిపోయో, లారీ అడ్డం పడో పావుగంట లేటయితే ఆ పూట పోయినట్టే. అలా ఎన్ని పూటలు పోయాయో లెక్క పెట్టలేదు. మంచి రోడ్డు విలువ నాకు ఎవరూ పాఠం చెప్పవలసిన పని లేదు.

పోయేది కూలి ఒక్కటే అయితే ఫరవాలేదు, ప్రాణాలు కూడా పోతున్నాయి. 2021 సెప్టెంబరు 12న మన చింతామణి తాలూకాలోనే లారీ, జీపు గుద్దుకుని ఎనిమిది మంది చనిపోయారు. 2023 అక్టోబరు 26న తెల్లవారుజామున చిక్కబళ్ళాపురం దగ్గర మంచులో ఒక టాటా సుమో పోయి, ఆగి ఉన్న ట్యాంకరును గుద్దింది. పదమూడు మంది పోయారు. దసరా పండుగ చేసుకుని బెంగళూరులో పనికి తిరిగి పోతున్న కూలి జనమే అందులో ఎక్కువ. మనలాంటివాళ్ళే.

కాని ఈ రెండో ప్రమాదం ఏ రోడ్డు మీద జరిగిందో గమనించండి. అది గుంతల రోడ్డు కాదు. టోలు కట్టించుకునే 44వ నెంబరు జాతీయ రహదారి. ఒక బండిలో పట్టవలసిన దానికన్నా ఎక్కువ మంది ఎందుకు ఎక్కారు? పండుగ తర్వాత పనికి అందుకోవడానికి వేళకు చౌకగా బస్సు దొరక్క. రోడ్డు పెద్దదైనంత మాత్రాన కూలివాడి ప్రయాణం బాగుపడదు. ఆ రోడ్డు మీద వాడిని ఎవరు, ఎలా తీసుకుపోతారు అన్నది అసలు ప్రశ్న.

ఇప్పుడు వేస్తున్న కొత్త రకం రోడ్ల సంగతి చూద్దాం. వీటికి రెండు వైపులా కంచె ఉంటుంది. ఎక్కడంటే అక్కడ ఎక్కడానికి, దిగడానికి లేదు. చాలా కిలోమీటర్లకు ఒక చోట దారి ఇస్తారు. బెంగళూరు - మైసూరు రోడ్డులో 2023 ఆగస్టు 1 నుంచి అసలు రోడ్డు మీదికి మోటారు సైకిళ్ళు, ఆటోలు, ట్రాక్టర్లు రాకుండా నిషేధించారు. అవి పక్కనున్న సర్వీసు రోడ్డులో పోవాలి. వేగంగా పోయే కార్ల మధ్య చిన్న బండ్లు ఉంటే ప్రమాదమని కారణం చెప్పారు. ఆ కారణం తప్పని నేను అనను. కాని ఒక్కసారి మన మీటింగుకు వచ్చిన వాళ్ళ బండ్లు తలచుకోండి. కార్లెన్ని? టీవీఎస్ బండ్లెన్ని? మనం తీర్మానం చేసి తెప్పించుకున్న రోడ్డు మీదికి మననే రానివ్వకపోతే, ఆ తీర్మానం ఎవరికోసం చేసినట్టు?

ఆడవాళ్ళ సంగతి ఇంకా ముఖ్యం. 2023 జూన్ 11 నుంచి కర్ణాటకలో శక్తి పథకం కింద ఆడవాళ్ళకు ఆర్డినరీ బస్సుల్లో టిక్కెట్టు లేదు. గార్మెంటు పనికి పోయే అక్కచెల్లెళ్ళకు నెలలో దీనివల్ల మిగిలే డబ్బు చిన్నది కాదు. ఆ బస్సు ప్రతి ఊరి గేటు దగ్గరా ఆగుతుంది కాబట్టే అది మన బస్సు. కంచె వేసిన రోడ్డు మీద అది ఎక్కడ ఆగుతుంది? కొత్త రోడ్డు రాగానే ఎక్స్‌ప్రెస్ సర్వీసులన్నీ అటు మళ్ళి, పాత రోడ్డులో బస్సులు తగ్గితే, తెల్లవారకముందే గేటు దగ్గర నిలబడే మన ఆడకూతురు ఇంకో అరగంట చలిలో నిలబడాలి. బయట వేగం పెరుగుతుంది, మనకు ఆలస్యం పెరుగుతుంది.

రోడ్డు వస్తే మిల్లులు వస్తాయని మరో వాదన. ఇది కొట్టిపారేయదగినది కాదు. దొడ్డబళ్ళాపురానికి, గౌరిబిదనూరుకు, హిందూపురానికి బట్టల ఫ్యాక్టరీలు వచ్చాయి. రోడ్డు, రైలు అందుబాటులో ఉండబట్టే వచ్చాయి. మన పిల్లలు బెంగళూరులో ఒక గదిలో ఆరుగురు పడుకునే బదులు ఇంటినుంచి పనికి పోయి వస్తే ఎవరికి చేదు?

అయితే యాజమాన్యం రోడ్డు వెంట ఎందుకు వస్తుందో కూడా తెలుసుకోవాలి. కర్ణాటకలో కనీస వేతనాన్ని ఏళ్ళ తరబడి జోన్ల లెక్కన నిర్ణయిస్తూ వచ్చారు. బెంగళూరులో కుట్టిన చొక్కాకు ఒక కూలి, తాలూకాలో కుట్టిన అదే చొక్కాకు తక్కువ కూలి. చొక్కా ధరలో మాత్రం తేడా ఉండదు. రోడ్డు బాగుంటే సరుకు రేవుకు చేర్చే ఖర్చు తగ్గుతుంది. కూలి తేడా యాజమాన్యానికి మిగులుతుంది. అంటే రోడ్డు వల్ల వచ్చే లాభంలో మనకు వాటా అడగకపోతే, మన తక్కువ కూలే వాళ్ళకు లాభం అవుతుంది. పైగా ఏ రోడ్డు మీద మిల్లు వచ్చిందో అదే రోడ్డు మీద అది ఇంకా చౌకైన చోటికి వెళ్ళిపోగలదు. నేను పని చేసిన మిల్లు మూతపడినప్పుడు నష్టమని చెప్పారు. బెంగళూరులో రాజా మిల్లు ఉన్న చోట ఇప్పుడు మాల్ ఉంది. బిన్నీ మిల్లు భూమిలో అపార్టుమెంట్లు లేచాయి. భూమికి ధర వచ్చింది, మనం రోడ్డున పడ్డాం.

ఇక భూమి. మన సభ్యుల్లో చాలామందికి ఊళ్ళో పది గుంటలో, అరెకరమో ఉంది. మిల్లు మూతపడ్డప్పుడు మనకు ముద్ద పెట్టింది ఆ భూమే. మల్బరి పెట్టుకున్నవాళ్ళు శిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్టుకు, టమోటా పెట్టుకున్నవాళ్ళు మదనపల్లెకో, కోలారుకో తోలుకుంటున్నారు. గూటిలోని పురుగు రెక్కలొచ్చి బయటపడకముందే గూళ్ళు అమ్ముడుపోవాలి కాబట్టి వాళ్ళకు రోడ్డు కావాలి. కాని రోడ్డుకోసం మల్బరి తోటే పోతే మార్కెట్టుకు ఏమి తోలతారు?

చట్టం ఏమి చెబుతుందో ప్రతి సభ్యుడూ గుర్తు పెట్టుకోవాలి. జాతీయ రహదారికి భూమి 1956 చట్టం కింద తీసుకుంటారు. 3ఎ నోటిఫికేషన్ వచ్చిన 21 రోజుల్లోపల అభ్యంతరం రాసి ఇవ్వాలి. ఆ గడువు దాటితే తర్వాత ఎంత అరిచినా లాభం తక్కువ. పరిహారం మాత్రం 2013 భూసేకరణ చట్టం లెక్కన ఇవ్వాలని 2015లో నిర్ణయమైంది. పల్లెల్లో మార్కెట్టు ధరను ఒకటి నుంచి రెండు రెట్ల దాకా లెక్క కట్టి, దానిమీద నూటికి నూరు అదనంగా ఇవ్వాలి. మార్కెట్టు ధర అంటే రిజిస్టరు కాగితాల్లో ఉన్న ధర. కాగితాల్లో తక్కువ రాయించుకోవడం మన ఊళ్ళలో అలవాటు. ఆ అలవాటు అప్పుడు మన మెడకే చుట్టుకుంటుంది.

ఇంకొక ముఖ్యమైన సంగతి. పహణిలో పేరు లేనివాళ్ళకు ఏమీ రాదని ఊళ్ళో చెబుతారు. అది తప్పు. ఆ భూమి మీద మూడేళ్ళుగా బతుకుతున్న కౌలుదారు, కూలి కుటుంబం కూడా 2013 చట్టం ప్రకారం బాధిత కుటుంబమే. ఉద్యోగమో, లేకుంటే ఒక్కసారిగా 5 లక్షలో, లేకుంటే ఇరవై ఏళ్ళపాటు నెలకు 2 వేలకు తగ్గకుండానో ఇవ్వాలని అందులో రాసి ఉంది. అడిగినవాళ్ళకే ఇది అందుతుంది. అడగడానికి సంఘం కావాలి.

సంఘంగా నిలబడితే ఏమవుతుందో మనం చూశాం. 2016 ఏప్రిల్ 18, 19 తేదీల్లో ప్రావిడెంటు ఫండు కొత్త రూలుకు వ్యతిరేకంగా బెంగళూరు గార్మెంటు కార్మికులు, అందులోనూ ఎక్కువగా ఆడవాళ్ళు, హోసూరు రోడ్డులో, తుమకూరు రోడ్డులో కూర్చున్నారు. రెండో రోజుకే కేంద్ర ప్రభుత్వం రూలు వెనక్కి తీసుకుంది. మన పక్కనే దేవనహళ్ళి తాలూకా చన్నరాయపట్న హోబళిలో 1,777 ఎకరాల సేకరణకు వ్యతిరేకంగా రైతులు మూడేళ్ళకు పైగా కూర్చున్నారు. 2025 జూలైలో ప్రభుత్వం దాన్ని విరమించుకుంది.

ఆ తమ్ముడికి ఇప్పుడు నా జవాబు ఇది. రోడ్డు కావాలి. కాని మన పొలాల మీద కొత్త రోడ్డు గీయమని మనమే పోయి అడగకూడదు. మొదట ఉన్న రోడ్డునే బాగు చేయమని అడగాలి. హోస్కోట - చింతామణి - మదనపల్లె రోడ్డును వెడల్పు చేసి, మలుపులు సరిచేసి, ఊరి గేట్ల దగ్గర దీపాలు, బస్సు షెల్టర్లు కట్టమని అడుగుదాం. షిఫ్టు వేళలకు ఆర్డినరీ బస్సులు వేయమని అడుగుదాం. కోలారు - చిక్కబళ్ళాపురం రైలు మార్గం పెద్ద గేజికి మారి 2013లోనే మన చింతామణి మీదుగా పూర్తయింది. పనివాళ్ళకు అనువైన వేళల్లో ఆ పట్టాల మీద ఇంకా రైళ్ళు నడపమని అడుగుదాం. వీటికి ఎవరి తోటా పోనక్కరలేదు.

అంతా చేసి, అప్పటికీ కొత్త రోడ్డు తప్పదని ప్రభుత్వం వస్తే, మన షరతులు నాలుగు. రోడ్డు పొడుగునా తెగకుండా రెండు వైపులా సర్వీసు రోడ్డు ఉండాలి. ప్రతి ఊరి దగ్గర మనుషులు, పశువులు దాటే దారి ఉండాలి. పాత రోడ్డులో ఒక్క బస్సు కూడా తగ్గకూడదు. రోడ్డు పేరు చెప్పి వచ్చే ప్రతి ఫ్యాక్టరీలో బెంగళూరు కూలే ఇవ్వాలి. ఈ నాలుగూ రాతపూర్వకంగా ఒప్పుకుంటే నేనే ముందు చెయ్యెత్తుతాను.

నా మాటతో ఒప్పుకోనివాళ్ళు ఉంటారని తెలుసు. ఉండాలి కూడా. రోడ్డు వెంటనే కావాలనే సభ్యులు తమ వాదన రాసి యూనియన్ ఆఫీసులో ఇవ్వండి, వచ్చే సంచికలో వేస్తాం. జనరల్ బాడీకి అందరూ రండి. ఆడవాళ్ళు తప్పకుండా రావాలి. బస్సు కోసం ఎక్కువ సేపు నిలబడేది వాళ్ళే, ఈ విషయంలో వాళ్ళ మాటే ముందు వినాలి.

మీ
కార్యదర్శి