తెర వెలిగితేనే నోరు తెరుస్తారు

మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచే వడ్‌గావ్ అనే ఊరుంది. జనాభా 3,000 పైచిలుకు. 2022 ఆగస్టులో ఆ ఊరి గుడి నుంచి రోజూ సాయంత్రం 7 గంటలకు సైరన్ మోగడం మొదలైంది. అది వినగానే టీవీలు కట్టేయాలి, ఫోన్లు పక్కన పెట్టాలి. 8.30కు రెండో సైరన్. ఆ తర్వాత ఎవరిష్టం వారిది. కోవిడ్ సెలవుల తర్వాత బడికి తిరిగొచ్చిన పిల్లల చేతుల్లో పుస్తకం నిలవడం లేదని టీచర్లు మొరపెట్టుకోవడంతో సర్పంచ్ విజయ్ మోహితే ఈ ఆలోచన చేశారు. ముందుగా మహిళల గ్రామసభ దీన్ని ఒప్పుకుంది. ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి నచ్చజెప్పారు.

ఊరివారి గురి పిల్లల చదువు మీద. కానీ ఆ గంటన్నర మన దేశంలో చాలా ఇళ్లలో పొయ్యి వెలిగే వేళ, కంచాలు పరిచే వేళ కూడా. ఫోన్ అసలు రాజ్యం ఏలుతున్నది అక్కడే.

హైదరాబాద్, విజయవాడల్లో ఏ అపార్ట్‌మెంట్ తలుపు తట్టినా కనిపించే దృశ్యం ఒకటుంది. రెండేళ్ల పిల్ల ముందు గ్లాసుకు ఆనించి నిలబెట్టిన ఫోన్. అందులో రంగురంగుల బొమ్మలు పాడుతుంటాయి. పప్పన్నం ముద్ద దగ్గరికి రాగానే, తెర మీది చూపు తిప్పకుండానే నోరు తెరుచుకుంటుంది. ఏం తిన్నదో పిల్లకు తెలియదు. పాట మధ్యలో ప్రకటన వస్తే మాత్రం ఏడుపు లంకించుకుంటుంది.

తల్లిని తప్పుపట్టడం తేలిక. ఉమ్మడి కుటుంబంలో ముద్దలు తినిపించడానికి నాయనమ్మో, మేనత్తో ఉండేవారు. ఉద్యోగం నుంచి ఏడున్నరకు ఇల్లు చేరి, ఒకపక్క కుక్కర్ పెట్టి, మరోపక్క మర్నాటి క్యారేజీకి కూర తరుక్కునే మనిషికి ఆ సాయం ఇప్పుడు ఫోన్ నుంచే అందుతోంది. పైగా పిల్ల తినకపోతే మాటపడేది ఆమే. ‘పిల్ల చిక్కిపోయిందే’ అని చుట్టాలు అడిగేది తండ్రిని కాదు. ఆ భయం ఉత్తిది కూడా కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు దేశంలో 35.5 శాతం, తెలంగాణలో 33.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం. అదే సర్వేలో అధిక బరువున్న పిల్లల వాటా అంతకుముందు సర్వేలోని 2.1 నుంచి 3.4 శాతానికి పెరిగింది. ఒక ఇంట్లో తిండి చాలక, ఇంకో ఇంట్లో ఎంత తిన్నారో తెలియక.

వైద్యులు చెప్పేది ఈ రెండో సంగతే. కడుపు నిండితే పిల్లలు తల తిప్పేస్తారు, పెదాలు బిగిస్తారు. తెరలో మునిగిన బిడ్డకు ఆ కబురు అందదు, తినిపించేవారికీ కనిపించదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రెండేళ్లలోపు పిల్లలకు కూర్చోబెట్టి తెర చూపించడం వద్దంది. రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంటకు మించొద్దంది. భారత శిశువైద్యుల సంఘం సలహా కూడా ఇంచుమించు అదే. మూడు పూటల తిండికే ఆ గంట కాస్తా అయిపోతుంది.

ఏమార్చి తినిపించడం కొత్త కాదుగా అనేవారున్నారు. నిజమే, చంకనెత్తుకుని చందమామను చూపించడమూ ఏమార్చడమే. కాకపోతే చందమామ అయిపోగానే ఇంకో చందమామ దానంతటదే మొదలయ్యేది కాదు. చూపించేవారి కళ్లు బిడ్డ ముఖం మీదే ఉండేవి. వద్దంటే ఆగేవి చేతులు.

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక డేటా చవకైంది. 2020 మార్చిలో బడులు మూతపడి, పాఠం పేరుతో ఫోన్ అధికారికంగా పిల్లల చేతికొచ్చింది. పిల్లల పాటలు పెద్ద వ్యాపారమయ్యాయి. 2013లో చెన్నైలో మొదలైన చూచూ టీవీ ప్రపంచమంతా తిరుగుతోంది. ఈ ప్రవాహానికి చట్టంతో అడ్డుకట్ట వేయాలని ఆస్ట్రేలియా చూసింది. 16 ఏళ్లలోపు వారికి సోషల్ మీడియా ఖాతాలు ఉండరాదన్న నిబంధన 2025 డిసెంబర్ 10న అమల్లోకి తెచ్చింది. కానీ ఖాతా లేకుండా వీడియో చూడటానికి దానిలో అడ్డులేదు. పప్పన్నం తినే పిల్లకు ఖాతాతో పనేముంది?

సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం చూస్తే ఇంకోలా ఉంటుంది. సుప్రీంకోర్టు 2001 నవంబర్‌లో వండిన భోజనం పెట్టాలని ఆదేశించిన తర్వాత దేశమంతా పాకిన పథకమిది. వరుసగా కూర్చుంటారు, పక్కవాడి పళ్లెంలోకి తొంగిచూస్తారు, గుడ్డు రోజున గొడవపడతారు. తెర ఉండదు. అయినా తింటారు.

ఇంట్లో అలాంటి వరుసే ఉండదు. తండ్రి కంచం పక్కన వాట్సాప్, తాతయ్య ఎదుట వార్తల చర్చ, నాయనమ్మకు సీరియల్. అయిదేళ్ల వాడి ఫోన్ ఒక్కటే లాక్కుంటే వాడడిగే ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబుండదు. వడ్‌గావ్ సైరన్‌లో గట్టి సంగతి అదే. అది పిల్లల కోసం మోగినా, ఆ మోతకు టీవీ కట్టేయాల్సింది పెద్దలు కూడా.