మనవాడే కదా అని బండి కొనొద్దు

మొన్న జుమ్మా నమాజ్ అయ్యాక మస్జిద్ మెట్ల దగ్గరే మా భాంజా నన్ను పట్టుకున్నాడు. "మామూ, బండి దొరికింది. 14 అడుగుల డీసీఎం, 2008 మోడల్. 3 లక్షల 80 వేలు చెబుతున్నాడు. రేపు బయానా ఇచ్చేస్తా" అన్నాడు. ముఖంలో ఖుషీ దాగడం లేదు.

వాడి దగ్గర ఉన్నదే 4 లక్షలు. అందులో లక్షన్నర మా ఆపా చేతి గాజులు.

వాళ్లది గుర్రాల ఇల్లు. దుల్హాభాయి వాళ్ల అబ్బా జట్కా నడిపాడు. ఆటోలొచ్చి జట్కాలు పోయాక అదే గుర్రం పెళ్లి బరాత్‌లకు మళ్లింది. ఇప్పుడు మూడు గుర్రాలున్నాయి. మనవాళ్ల నికాహ్‌లకే కాదు, మాఘమాసం, శ్రావణమాసం ముహూర్తాలకు హిందూ పెళ్లిళ్లకూ అవే వెళ్తాయి. ఒకప్పుడు గుర్రాన్ని నడిపించుకుంటూ పోయేవారు. ఇప్పుడు ఫంక్షన్ హాళ్లన్నీ ఊరి బయట. రాత్రిపూట హైవే మీద గుర్రాన్ని నడిపించడమంటే దాని ప్రాణం, మన ప్రాణం పణంగా పెట్టడమే. అందుకే ప్రతి పెళ్లికీ కిరాయి బండి. వచ్చిన దాంట్లో సగం ఆ కిరాయికే పోతోంది. సొంత బండి వాడికి షౌక్ కాదు, జరూరత్.

"ఎవరిది బండి?" అన్నాను.

"మనవాడే మామూ. ఐదు పూటలా నమాజీ."

నా దిల్‌లో భయం మొదలైంది అక్కడే. మన ఇళ్లలో పాత బండ్లు, పాత ఆటోలు, పాత మిషన్లు ఎక్కువగా కొనేది ఈ ఒక్క మాట మీదనే. మనవాడు అనగానే బండి కింద దూరి చూడటం బద్‌గుమానీ అనిపిస్తుంది, కాగజాత్ అడగడం బేఅదబీ అనిపిస్తుంది. పదేళ్ల కిందట నేనూ ఇలాగే మొహమాటపడి ఒక పాత వ్యాన్ కొన్నాను. అమ్మినాయన నాకు చాయ్ తాగించి, దువా ఇచ్చి పంపాడు. నాలుగో నెలలో ఇంజన్ దించాల్సి వచ్చింది. దానికైన ఖర్చు వ్యాన్ ధరలో సగం. ఆ తజుర్బాతోనే ఇది రాస్తున్నాను.

వద్దు అనలేదు. మర్నాడు వాడితో కలిసి వెళ్లాను, అమ్మేవాడు చెప్పిన మేస్త్రీని కాకుండా మాకు తెలిసిన మేస్త్రీని వెంటబెట్టుకుని.

బండి కొత్త పెళ్లికూతురిలా ఉంది. క్యాబిన్‌కు కొత్త రంగు, అద్దం మీద మాషా అల్లాహ్. మేస్త్రీ పైన చూడనే లేదు. గోనెసంచి పరుచుకుని నేరుగా కిందికి దూరాడు. స్క్రూడ్రైవర్‌తో ఫ్లోర్ చెక్కలను కింద నుంచి పొడిచాడు. రెండు చోట్ల రొట్టెలో దిగినట్టు దిగిపోయింది. చెక్కల్ని మోసే అడ్డ ఇనుము పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. ఛాసిస్ మీద ఒకచోట వెల్డింగ్ ప్యాచ్, దాని మీద తాజా నల్లరంగు.

నంబర్ ప్లేట్ చూశాను. ఏపీ 37. అంటే పశ్చిమ గోదావరి. రంగారెడ్డి బండైతే ఏపీ 28 అనో 29 అనో ఉండేది. "ఇది మొదటి నుంచీ హైదరాబాద్‌లో కిరాణా సామానే మోసింది" అన్నాడు అమ్మేవాడు. ఉండొచ్చు. కానీ అది చేపలు, రొయ్యలు ఐసులో పెట్టి మోసే ఇలాఖా. ఉప్పునీళ్లు కారిన బండి ఛాసిస్ ఎలా ఉంటుందో మేస్త్రీలకు తెలుసు. ఈ బండి కింది భాగం అదే కహానీ చెబుతోంది.

మామూలు సరుకు వేసేవాడైతే పాత ఫ్లోర్ మీద ఒక రేకు పరిచి గడిపేస్తాడు. గుర్రాలకు ఆ పప్పులు ఉడకవు. ఒక్కో గుర్రం మూడు, నాలుగు వందల కిలోలు. ఆ బరువంతా నాలుగు గిట్టల మీద, ఒకచోట నిలవకుండా కదులుతూ ఉంటుంది. మలుపులో ఒక పక్కకు వాలుతుంది, బ్రేక్ వేస్తే ముందుకొస్తుంది. రోజూ మూత్రం పడే చెక్క ఎలాగూ కుళ్లుతుంది. కుళ్లిన చెక్కలో గిట్ట దిగిందంటే కాలు విరిగినట్టే. కాలు విరిగిన గుర్రం మళ్లీ నిలబడటం ఎంత కష్టమో గుర్రాలవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. అది బేజుబాన్, మన చేతిలో అమానత్. పైగా ఆ ఇంటి రోజీ అదే.

అందుకే తక్కువ డబ్బుతో పాత బండి చూసేవాళ్లు ముందు ఫ్లోర్, ఛాసిస్, బ్రేకులు చూడాలి. ఇంజన్ తర్వాత, రంగు అసలే వద్దు. మీరు వెళ్లేసరికే ఇంజన్ వేడిగా ఉందంటే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కాదేమోనని అనుమానించండి. మర్నాడు పొద్దున్నే చెప్పకుండా వెళ్లండి. నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీయండి. అక్కడి నుంచి పొగ గుప్పుగుప్పున కొడితే ఇంజన్ లోపల అరిగిందని అర్థం. టైర్ పక్కన నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. గుండీలు బాగున్నాయని మోసపోవద్దు. ముందు చక్రాలకు రీబటన్ టైర్లు ఉంటే కొత్తవాటి ఖర్చు ధరలోంచి తీసేయండి. కమాన్ పట్టీల్లో విరిగిన ఆకు ఉందేమో చూడండి. ఖాళీ బండి కాకుండా బరువు వేసిన బండిని నడిపి బ్రేక్ కొట్టి చూడండి.

ఇక కానూన్ సంగతి. జంతువుల రవాణాకు 1978 నాటి రూల్స్ ఉన్నాయి. గుర్రాలను మామూలు గూడ్స్ బండిలో ఎక్కిస్తే ఫ్లోర్ మీద కాలు జారకుండా ఏదైనా పరవాలి. బాడీ పొట్టిగా ఉంటే ఎత్తు పెంచాలి. గుర్రానికీ గుర్రానికీ మధ్య కనీసం 8 సెంటీమీటర్ల మందం వెదురు బొంగు కట్టాలి. ఎదురొచ్చే బండ్లకు బెదరకుండా తలలు ఎడమవైపు ఉండాలి. వెంట ఒక మనిషి ఉండాలి. వేగం గంటకు 35 కిలోమీటర్లు దాటకూడదు. డాక్టర్ సర్టిఫికెట్ కూడా ఉండాలి.

2016 జనవరి నుంచి మోటార్ వాహనాల రూల్స్‌లో ఇంకో షరతు వచ్చింది. జంతువులను మోసే బండిలో శాశ్వతమైన అరలు ఉండాలి. గుర్రానికైతే ఒక్కో అర 2.25 చదరపు మీటర్లకు తగ్గకూడదు, అంటే 24 చదరపు అడుగుల పైమాట. 14 అడుగుల పొడవు, ఆరున్నర అడుగుల వెడల్పు ఉన్న డీసీఎంలో మొత్తం 91 చదరపు అడుగులు. మూడు గుర్రాలకు 73 కావాలి, సరిపోతుంది. నాలుగోదానికి చోటు లేదు. "పక్కింటి వాళ్ల గుర్రం కూడా ఎక్కిస్తే కిరాయి వస్తుంది మామూ" అన్న మా వాడి హిసాబ్ అక్కడే తప్పింది. పైగా అలాంటి బండిలో వేరే సరుకు వేయకూడదని కూడా ఆ రూల్స్‌లో ఉంది. ఖాళీ రోజుల్లో షామియానా కుర్చీలు మోసి సంపాదిస్తానన్న రెండో హిసాబ్ కూడా పోయింది. బాడీ మార్చాలంటే ఆర్టీఓ ఇజాజత్ కావాలి, ఆ బండికి ప్రత్యేక లైసెన్స్ తీసుకోవాలి. ఇవన్నీ కొన్న తర్వాత తెలిస్తే ఏం లాభం?

కాగజాత్ దగ్గరికొద్దాం. మనవాళ్లలో ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. "29, 30 ఫారాల మీద సంతకం పెట్టి ఇస్తా, తర్వాత మెల్లగా పేరు మార్చుకో" అన్నాడు అమ్మేవాడు. తారీఖు లేని సంతకాలతో చేతులు మారిన బండ్లు మన బస్తీల్లో ఎన్నో. అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్టీఓకు తెలపాలని చట్టం. రాష్ట్రం మారుతుంటే పాత ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ కావాలి. ఇన్సూరెన్స్ మన పేరు మీదికి మార్చమని 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు పెట్టుకోవాలి. బండి మీద పాత ఫైనాన్స్ ఉంటే అది తీరినట్టు 35వ నంబర్ ఫారం చూపించాలి.

అమ్మేవాళ్లకూ ఒక మాట. ఒక కారు ముగ్గురు నలుగురి చేతులు మారినా పేరు మాత్రం మారని కేసులో, ఆర్టీఓ రికార్డులో ఎవరి పేరుందో ప్రమాదానికి పరిహారం కట్టాల్సింది వాళ్లేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. బండి పోయి, డబ్బు ఖర్చయిపోయి, ఏళ్ల తర్వాత కోర్టు నోటీసు మీ ఇంటికే రావొచ్చు.

ఇదంతా చూడటానికి వకీల్ అక్కర్లేదు. ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొడితే ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, ఫైనాన్స్ ఉందా లేదా అన్నీ కనిపిస్తాయి. మా వాడి ముందే కొట్టాను. ఫిట్‌నెస్ గడువు అయిపోయి ఏడు నెలలు. 8 ఏళ్లు దాటిన వాణిజ్య వాహనానికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. 15 ఏళ్లు దాటితే ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి బాగా పెరిగింది. కాబట్టి పాత బండికి ధర తక్కువైనా ఏడాది తిరిగేసరికి అది తినేది ఎక్కువ.

అందుకే నా మాట ఒక్కటే. చేతిలో 4 లక్షలుంటే 4 లక్షల బండి చూడొద్దు. రెండున్నర, మహా అయితే 2 లక్షల 70 వేల బండి చూడండి. మిగిలింది ఫ్లోర్, అరలు, ర్యాంపు, టైర్లు, ఫిట్‌నెస్, పేరు మార్పు, ఇన్సూరెన్స్‌కు. అంతలో మంచి బండి దొరకకపోతే ఆగండి. కిరాయి బండి ఇంకో సీజన్ నడిస్తే ఎవరూ చావరు. తక్కువ పడిందని ఫైనాన్స్‌కు మాత్రం పోవద్దు. అంత పాత బండికి బ్యాంకులు సాధారణంగా ముందుకు రావు. వచ్చేది ప్రైవేటువాళ్లు, వాళ్ల సూద్ సంగతి మీకు తెలుసు. అది హరామ్ అన్న మాట పక్కన పెట్టి లెక్క చూసినా కుదరదు. ముహర్రంలో మన పెళ్లిళ్లు ఉండవు, ఆషాఢంలో వాళ్ల పెళ్లిళ్లు ఉండవు. కిస్తీ మాత్రం ప్రతి నెలా వస్తుంది.

ఇంకో రాస్తా ఉంది. ఒకే బస్తీలో మూడు గుర్రాల కుటుంబాలుంటే ముగ్గురూ కలిసి ఒక మంచి బండి కొనొచ్చు. దీన్నే మన పెద్దలు షిర్కత్ అన్నారు. ఎవరి వాటా ఎంత, మరమ్మతు ఎవరిది, ఒకే రాత్రి రెండు పెళ్లిళ్లొస్తే బండి ఎవరికి, అన్నీ కాగితం మీద రాసి గవాహీల సంతకాలు పెట్టించాలి. "అన్నదమ్ముల మధ్య రాతలేమిటి" అనకండి. ఖురాన్‌లో అన్నింటికంటే పొడవైన ఆయత్, బఖరా సూరాలోని 282వది, అప్పుల లావాదేవీలు రాసుకోవడం గురించే. అల్లాహ్ రాసుకోమన్నాక మనకు మొహమాటమెందుకు?

అమ్మే భాయిలకు కూడా గుర్తు చేస్తాను. మదీనా బజార్‌లో ధాన్యం రాశిలో చెయ్యి పెట్టి, లోపల తడి తగిలితే, జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని అడిగిన ప్రవక్త (స) ఉమ్మత్ మనం. కుళ్లిన చెక్క మీద రేకు, పగిలిన ఛాసిస్ మీద నల్లరంగు వేయడం ఆ తడి ధాన్యం దాచడం కాదా? అద్దం మీద మాషా అల్లాహ్ రాసినంత మాత్రాన ఐబ్ మాసిపోదు. లోపం చెప్పి 30 వేలు తగ్గించి అమ్మితే ఆ పైసల్లో బరకత్ ఉంటుంది.

మా వాడు బయానా ఇవ్వలేదు. అమ్మేవాడు నొచ్చుకున్నాడు. "భరోసా లేదా భాయ్?" అన్నాడు నాతో. "మీ మీద ఉంది భాయ్, చెక్క మీదే లేదు" అన్నాను.

ఇంటికొచ్చేటప్పుడు వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "గాజులు అమ్మీకి తిరిగిచ్చేయనా మామూ?" అన్నాడు. ఇచ్చేయమన్నాను. వచ్చే ఇత్వార్ పక్క గల్లీ గుర్రాల వాళ్లిద్దరినీ చాయ్‌కి పిలిచాం. మేస్త్రీని కూడా రమ్మన్నాం.