పచ్చ గళ్లు కాదు.. మీరు పట్టుకున్న తప్పు చూపించండి

అర సెకను. కంప్యూటర్‌లోకి లాగిన్ కావడానికి అంత ఆలస్యమైతే మనలో ఎంతమంది పట్టించుకుంటాం? 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు పట్టించుకున్నారు. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే ఈయన పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్ కూడా. తన టెస్ట్ మెషీన్‌లో ఎస్ఎస్‌హెచ్ లాగిన్ ఎందుకు నెమ్మదించిందో ఆరా తీశారు. తీగ లాగితే డొంక కదిలింది. ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే ఓపెన్ సోర్స్ కంప్రెషన్ టూల్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారని తేలింది. అప్పటికి అది చాలావరకు టెస్టింగ్ దశలోని లినక్స్ వెర్షన్లలోకే చేరింది కాబట్టి పెద్ద గండం తప్పింది.

దాన్ని పెట్టిందెవరు? ‘జియా టాన్’ అనే పేరుతో రెండేళ్లకు పైగా ప్యాచ్‌లు పంపి, నమ్మకం సంపాదించి, చివరికి ప్రాజెక్టు తాళంచెవులు అందుకున్న వ్యక్తి. ఆ టూల్‌ను అన్నేళ్లుగా చూసుకుంటున్నది మాత్రం దాదాపు ఒక్కరే. అదీ జీతం లేకుండా, హాబీగా.

దీనికీ మన క్యాంపస్ ప్లేస్‌మెంట్లకీ ఏంటి సంబంధం అంటారా? చాలా ఉంది. ‘రెజ్యూమెలో ఓపెన్ సోర్స్ కాంట్రిబ్యూషన్ ఉంటే జాబ్ గ్యారంటీ’ అనే మాట ఇప్పుడు ప్రతి కాలేజీలో వినిపిస్తోంది. కానీ అవతలి గట్టున ఆ కాంట్రిబ్యూషన్లు అందుకునేవాళ్ల పరిస్థితి మారిపోయింది. అది తెలియకుండా దిగితే మీ టైమూ పోతుంది, వాళ్ల టైమూ పోతుంది.

వరదెందుకు వచ్చింది?

2020 అక్టోబరులో డిజిటల్ ఓషన్ సంస్థ నిర్వహించే హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో నాలుగు పుల్ రిక్వెస్టులు పంపితే టీషర్ట్ ఫ్రీ. దాంతో రీడ్‌మీ ఫైల్లో ఒక్క పదం మార్చి పంపేవాళ్లు వేలల్లో తయారయ్యారు. మెయింటెయినర్లు గగ్గోలు పెట్టడంతో, ఇష్టపడి చేరిన ప్రాజెక్టులకే పోటీ వర్తిస్తుందని నిర్వాహకులు రూల్ మార్చాల్సి వచ్చింది.

2024 ఆరంభంలో ఎక్స్‌ప్రెస్ జేఎస్‌ వంతు. మన దేశంలో పాపులరైన ఒక యూట్యూబ్ పాఠంలో పుల్ రిక్వెస్ట్ ఎలా పంపాలో ఆ ప్రాజెక్టునే ఉదాహరణగా చూపించారు. చూసిన విద్యార్థులు అచ్చం అలాగే చేశారు. రీడ్‌మీలో తమ పేరు రాసి పంపేశారు. నేర్చుకోవాలన్న ఉత్సాహమే, దురుద్దేశం కాదు. కానీ రోజూ వాటిని మూసుకుంటూ కూర్చున్నవాళ్లకు మాత్రం అది తలనొప్పే.

ఇప్పుడు ఏఐ వచ్చి చేరింది. 1998 నుంచి కర్ల్ ప్రాజెక్టును నడుపుతున్న డేనియల్ స్టెన్‌బర్గ్, ఏఐతో రాయించి పంపే ఉత్తుత్తి సెక్యూరిటీ రిపోర్టులతో విసిగిపోయారు. లోపాలు పట్టిస్తే డబ్బులిచ్చే బగ్ బౌంటీని 2026 జనవరి ఆఖరుతో ఆపేశారు.

అసలు లెక్క ఇక్కడుంది. ప్యాచ్ తయారుచేయడానికి ఇప్పుడు నిమిషం చాలు. దాన్ని చదివి, పరీక్షించి, ‘ఇది వేరేచోట ఏమైనా చెడగొడుతుందా’ అని ఆలోచించడానికి మాత్రం ఇప్పటికీ గంటలు పడుతుంది. పైగా ఎక్స్‌జెడ్ ఉదంతం తర్వాత ముక్కూమొహం తెలియని కొత్తవారిని చూస్తే అనుమానం సహజం. కోడ్ చవకైంది, నమ్మకం ఖరీదైంది. కంపెనీలు ఫ్రెషర్ల గిట్‌హబ్ చూసే తీరు కూడా ఇలాగే మారుతోంది.

ట్యాంకు నేర్పిన పాఠం

నా సంగతే చెప్తాను. థర్డ్ ఇయర్‌లో నా మొదటి పుల్ రిక్వెస్ట్ ఒక స్పెల్లింగ్ దిద్దుబాటు. ఎవరూ సమాధానం కూడా ఇవ్వకుండా మూసేశారు. నెల రోజులు చిన్నబుచ్చుకుని గిట్‌హబ్ ముఖం చూడలేదు.

అప్పట్లో మా హాస్టల్లో పొద్దున్నే నీళ్లు అయిపోయేవి. కోఠి గుజరాతీ గల్లీలో ఒక నోడ్ ఎంసీయూ బోర్డు, అల్ట్రాసోనిక్ సెన్సర్ కొని ట్యాంకు మూతకు బిగించాం. నీళ్లు తగ్గితే ఫోనుకు మెసేజ్ రావాలి. రెండు రోజులు బాగానే పనిచేసింది. మూడో రోజు తెల్లవారుజామున ట్యాంకు నిండుగా ఉందని మెసేజ్. కుళాయి తిప్పితే చుక్క లేదు. ఆ రోజు ఫ్లోరంతా నన్ను ఏసుకున్నారు.

రెండు రాత్రులు లైబ్రరీ కోడ్ చదివాను. సెన్సర్ మీద తేమ చేరి ప్రతిధ్వని తిరిగి రాకపోతే ఆ లైబ్రరీ దూరం 0 అని చెప్తోంది. నీటికీ సెన్సర్‌కీ మధ్య దూరం సున్నా అంటే నా ప్రోగ్రాం దృష్టిలో ట్యాంకు నిండినట్టే! ఎప్పుడు, ఏ బోర్డు మీద, ఎన్నిసార్లు ఇలా వస్తోందో రాసి పంపాను. 0 బదులు -1 పంపితే చాలని నా పరిష్కారం.

మెయింటెయినర్ ఒప్పుకోలేదు. ‘ఇప్పటికే 0 వస్తే తప్పు అని రాసుకున్నవాళ్ల ప్రోగ్రాములన్నీ చెడిపోతాయి కదా’ అన్నారు. అంతవరకు నాకు తట్టనే లేదు. మూడు వారాలు అటూ ఇటూ మాట్లాడుకున్నాక, పాత ఫంక్షన్‌ను ముట్టుకోకుండా, రీడింగ్ సరైనదో కాదో చెప్పే కొత్త ఫంక్షన్ చేర్చాం. మొత్తం 14 లైన్లు.

తర్వాత ఇంటర్వ్యూలో నా మేజర్ ప్రాజెక్టు గురించి రెండు నిమిషాలు మాట్లాడారు. మిగతా సమయమంతా ఆ 14 లైన్ల మీదే. ‘-1 ఎందుకు వద్దన్నారు?’ అనడిగారు. పడ్డ తిప్పలు కాబట్టి గుక్కతిప్పుకోకుండా చెప్పాను. ఇప్పుడు మా టీమ్ కోసం నేనూ ఫ్రెషర్ల రెజ్యూమెలు చూస్తున్నాను. ఏడాదంతా పచ్చ గళ్లతో నిండిన ప్రొఫైల్ కంటే, ఒక్క చర్చలో అభ్యర్థి ఎలా ప్రశ్నించాడో, కాదంటే ఎలా తీసుకున్నాడో చూడటం నాకు ఎక్కువ పనికొస్తోంది.

అందరికీ కుదురుతుందా?

ఒక నిజం ఒప్పుకోవాలి. ఓపెన్ సోర్స్ ఉద్యోగానికి గ్యారంటీ కాదు. చాలా కంపెనీల మొదటి రౌండ్ ఇప్పటికీ ఆప్టిట్యూడ్, కోడింగ్ పరీక్షే. ఫీజుల కోసం పార్ట్‌టైమ్ చేసేవాళ్లకు, సొంత ల్యాప్‌టాప్ లేనివాళ్లకు ‘ఖాళీ టైమ్‌లో ఉచితంగా కోడ్ రాయండి’ అని చెప్పడం తేలిక, చేయడం కష్టం.

అందుకే డబ్బిచ్చే దారులు తెలుసుకోండి. 2005లో మొదలైన గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో ఎంపికైతే స్టైపెండ్ ఇస్తారు. 2022 నుంచి విద్యార్థులే కానక్కర్లేదు. 18 ఏళ్లు నిండి, ఓపెన్ సోర్స్‌కు కొత్తవారైతే అప్లై చేయొచ్చు. 90, 175, 350 గంటల ప్రాజెక్టులున్నాయి. లినక్స్ ఫౌండేషన్ మెంటార్‌షిప్, ఔట్‌రీచీ కూడా చూడండి. అయితే ప్రపోజల్ రాయడానికి ముందే ఆ ప్రాజెక్టు మనుషులకు మీరు పరిచయమై ఉండటం మేలు. గడువుకు వారం ముందు వెళ్తే మీరూ ఆ వరదలో ఒకరే.

మొదలుపెట్టాలంటే..

- ప్రాజెక్టుల లిస్టు వెతకొద్దు. మీరు రోజూ వాడే టూల్స్‌లో ఏది విసిగిస్తోందో చూడండి. తెలుగు ఒత్తులు తప్పుగా చూపించే యాప్ ఉందా? దాన్ని పట్టుకునే కన్ను మనకే ఉంటుంది.
- ముందు కోడ్ కాదు, మంచి బగ్ రిపోర్ట్ రాయండి. ఏం చేశారు, ఏం రావాలి, ఏం వచ్చింది, ఏ వెర్షన్.. ఈ నాలుగూ ఉండాలి.
- పాత చర్చలు, కాంట్రిబ్యూటింగ్ ఫైలు చదివాకే పంపండి. ఏఐ వాడకంపై రూల్ ఉంటే పాటించండి. మీరు వివరించలేని లైను ఒక్కటి కూడా పంపొద్దు.
- ఒకే ప్రాజెక్టులో ఆరు నెలలు ఉండండి. పది చోట్ల పేరు కంటే ఒకచోట పరిచయం మేలు.

1991లో హెల్సింకీ యూనివర్సిటీలో చదువుతూ లినస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను మొదలుపెట్టినప్పుడు దాన్ని హాబీ అనే చెప్పుకున్నాడు, రెజ్యూమె కోసం కాదు. మనందరం టోర్వాల్డ్స్‌లం కానక్కర్లేదు. ఈ వారం మీ ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో ఏదైనా తేడాగా కనిపిస్తే ‘మామూలేలే’ అని వదిలేయకుండా, ఎందుకలా అవుతోందో ఒక గంట కూర్చుని చూడండి.